మూడో నంబరు సిస్టమ్‌లో ఊపిరి

ఆ కాలేజీలో చేరిన కొత్తవాళ్ళకు మొదటి వారంలోనే ఈ సంగతి చెప్పేస్తారు. క్యాంటీన్ ఎటో చెప్పడం మరిచిపోయినా ఇది మాత్రం మరిచిపోరు. సెల్లార్‌లో ఎడిటింగ్ గది ఉంది. అందులో నాలుగు సిస్టమ్‌లు. రాత్రి పదకొండు దాటాక మూడో నంబరు దగ్గర ఒంటరిగా కూర్చోకూడదు.

ఎందుకంటే... అక్కడ ఎవరో ఊపిరి పీలుస్తారు.

చెవి పక్కనే వినిపిస్తుందట. కొందరు ఆడగొంతన్నారు, కొందరు మగగొంతన్నారు. ఒకడైతే ముక్కు చీదిన చప్పుడు విన్నానని ఒట్టేశాడు. ఎప్పుడో ఒక టెక్నీషియన్ పని చేస్తూ చేస్తూ ఆ కుర్చీలోనే పోయాడనీ, తెల్లారేదాకా తలకి హెడ్‌ఫోన్స్ అలాగే ఉన్నాయనీ ఒక కథ. అదేం కాదు, ఆయన ఉద్యోగం మారి ఎక్కడో సుఖంగా ఉన్నాడని ఇంకో కథ. రెండోది ఎవరికీ రుచించలేదు కాబట్టి మొదటిదే నిలిచిపోయింది.

ఆ కుర్చీలో ఆ రాత్రి కూర్చున్నది అక్క. క్లాసులో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. ఆమెకు ముప్పై తొమ్మిదేళ్ళు, మిగతావాళ్ళకు ఇరవై దాటలేదు. పగలంతా ఆస్పత్రి కౌంటర్లో రోగుల పేర్లు రాసుకుంటుంది. సాయంత్రం ఈ వీడియో కోర్సు. పోయినేడాది కూతురికి జ్వరమొచ్చి చివరి ప్రాజెక్టు ఇవ్వలేకపోయింది. ఈసారీ తప్పితే ఇక చదువు మాటే ఎత్తనని ఇంట్లో తనే మాటిచ్చింది... ఎవరూ అడక్కుండానే. ఆ మాట ఇచ్చినందుకు తన్ను తానే ఎన్నిసార్లు తిట్టుకుందో లెక్కలేదు.

ప్రాజెక్టు ఒక మ్యూజిక్ వీడియో. మూడు నిమిషాల నలభై సెకన్ల పాట. పొద్దున్న ఎనిమిదికల్లా ఫైలు కాలేజీ సైట్లో ఎక్కించాలి. ఎనిమిదీ ఒకటికి ఎక్కిస్తే ఎక్కించనట్టే.

జట్టులో ముగ్గురు. టోపీ తీయని కుర్రాడొకడు, వాడు దర్శకుడు. పాడిందీ తెర మీద కనబడేదీ ఒక అమ్మాయి. మూడోది అక్క. సాయంత్రం ఆరింటికే ఆ అమ్మాయి గొంతు పట్టేసిందని వెళ్ళిపోయింది. దర్శకుడు ఎనిమిదిదాకా వెనకాల నిలబడి వేలు చూపించాడు.

“ఊపిరి చప్పుళ్ళన్నీ తీసెయ్యక్కా. నీట్‌గా ఉండాలి.”

“అన్నీనా?”

“ఒక్కటి కూడా వినబడకూడదు. నువ్వైతే ఇట్టే చేసేస్తావు. నాకు కళ్ళు మూతలు పడుతున్నాయి.”

వెళ్ళిపోయాడు. నడిచే ఎద్దునే పొడిచేది అని ఊరికే అన్నారా? అక్క ఒక్కతీ మిగిలింది. పాటలో ముప్పై నాలుగు చోట్ల ఆ అమ్మాయి ఊపిరి తీసుకుంది. ముప్పై నాలుగూ వెతికి, పెద్దవి చేసి చూసి, ఒక్కొక్కటే కోసి పారేసింది. అది ముగిసేసరికి పది దాటింది. నడుము పట్టేసింది, కళ్ళలో ఇసుక పోసినట్టుంది.

గేటు దగ్గరి తాత టార్చి పట్టుకుని తలుపు దగ్గర ఆగాడు.

“ఆ సిస్టమే దొరికిందా తల్లీ?”

“మిగతా మూడూ చాలా స్లో, తాతా.”

“పదకొండు లోపల లేచిపో.” టార్చి ఊపుకుంటూ వెళ్ళిపోయాడు.

లేవడానికి వీల్లేదు. కోసిన ముక్కలన్నీ కలిపి ఒక్క ఫైలుగా తయారు చెయ్యాలి కదా, దాన్ని రెండర్ అంటారు. ఆ ముసలి యంత్రానికి అందుకు ముప్పావుగంట పడుతుంది. మీట నొక్కి బల్ల మీద తల వాల్చింది. నిద్ర పట్టలేదు. అంతలా అలిసిపోతే నిద్ర కూడా దగ్గరికి రాదు.

పావుతక్కువ పన్నెండుకు ఫైలు తయారైంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినడం మొదలుపెట్టింది.

మొదటి చరణం బాగానే ఉంది. రెండో చరణం ముందు, వాయిద్యాలు ఆగి ఒక్క క్షణం నిశ్శబ్దం వచ్చే చోట...

హుఁ... అని ఎవరో ఊపిరి పీల్చారు.

అక్క చెయ్యి ఆగిపోయింది. ఒకటి కొయ్యడం మరిచిపోయానేమో అనుకుంది. వెనక్కి జరిపి మళ్ళీ విన్నది. ఉంది. కానీ ఇది ఆ అమ్మాయి ఊపిరి కాదు. ఆమెది చిన్నగా, గబుక్కున పీల్చినట్టుంటుంది. ఇది బరువుగా ఉంది. వయసైన మనిషిది.

ఫైలు మూసేసింది. విడి ముక్కలున్న అసలు ప్రాజెక్టు తెరిచి అదే చోట వినిపించుకుంది. రెండుసార్లు, మూడుసార్లు. చెవులు రిక్కించి, కళ్ళు మూసుకుని విన్నది.

అక్కడ ఏమీ లేదు... ఖాళీ.

ప్రాజెక్టులో లేనిది ఫైల్లోకి ఎలా వస్తుంది? ఏ క్లాసులోనూ దీనికి జవాబు చెప్పలేదు. అనవసరమైన చప్పుడు ఒక్కటి వినబడినా మార్కులు కోసేస్తామని మాత్రం చెప్పారు. రెండర్‌లో తప్పు జరిగి ఉంటుందిలే అని సర్దిచెప్పుకుని మళ్ళీ మీట నొక్కింది. ఇంకో ముప్పావుగంట. గదిలో నాలుగు యంత్రాల ఫ్యాన్ల రొద తప్ప ఏమీ లేదు. కూతురు పడుకుని ఉంటుంది. ఆయన తలుపు గడియ వేశారో లేదో...

రెండో ఫైలు వచ్చింది.

నిశ్శబ్దం దగ్గర ఈసారి ఊపిరి ఒకటి కాదు — మూడు. మూడో దాని చివర ఒక నిట్టూర్పు. వెనక ఎక్కడో కుర్చీ కిర్రుమంది.

అక్క హెడ్‌ఫోన్స్ తీసి మెల్లగా వెనక్కి తిరిగి చూసింది. మూడు ఖాళీ కుర్చీలు, మూసిన తలుపు. దాని మీద ‘చెప్పులు బయట విడువుడు’ అన్న కాగితం. అంతే.

మళ్ళీ ప్రాజెక్టు తెరిచింది. మళ్ళీ అదే చోట విన్నది. మళ్ళీ ఏమీ లేదు. మొదటినుంచి చివరిదాకా మొత్తం పాట విన్నది. ఎక్కడా ఊపిరి లేదు. తెర మీద ఆ అమ్మాయి నోరు తెరుస్తోంది, మూస్తోంది, నవ్వుతోంది — ఒక్కసారి కూడా గాలి పీల్చదు. ఇంతసేపూ పట్టించుకోలేదు గానీ, ఇప్పుడు ఆ మొహం చూస్తుంటే ఒళ్ళు జలదరించింది.

పారిపోవచ్చు. కానీ ఎనిమిదింటికి ఎవరు ఎక్కిస్తారు? దెయ్యానికి భయపడి సర్టిఫికెట్ పోగొట్టుకున్నానని ఇంట్లో ఏ మొహంతో చెప్పాలి? మూడోసారి మీట నొక్కింది. దెయ్యమైతే మాత్రం, ఈ వేళ తన కంటే దానికే ఓపికుందని అనిపించి నవ్వు కూడా వచ్చింది. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

ఒంటిగంటన్నరకు మూడో ఫైలు.

మొదటి చరణం... వాయిద్యాలు ఆగాయి... నిశ్శబ్దం...

ఊపిరి. ఆ తరువాత, చాలా మెల్లగా, ఒక ఆడగొంతు —

“ఇంక నా వల్ల కాదమ్మా...”

అక్క కదల్లేదు. కదల్లేకపోయింది. ఎందుకంటే ఆ గొంతు ఆమెకు తెలుసు.

అది వాళ్ళమ్మది.

అమ్మ పోయి ఆరేళ్ళయింది. ఇస్త్రీ దుకాణంలో ముప్పై ఏళ్ళు నిలబడి పని చేసిన మనిషి. రాత్రి ఇంటికొచ్చి గోడకి చేరబడుతూ రోజూ ఆ మాటే అనేది, సరిగ్గా అలాగే — చివర గాలి అయిపోయినట్టు. మర్నాడు మళ్ళీ లేచి వెళ్ళేది. ఒక రోజు నిజంగానే లేవలేకపోయింది.

అక్కకు భయం పోయింది. దాని చోట ఏడుపొచ్చింది. ఆరేళ్ళుగా ఆ గొంతు కోసం ఎంత వెతుక్కుంది... ఇంట్లో ఒక్క రికార్డింగ్ కూడా లేదు. పెళ్ళి వీడియోలో కూడా అమ్మ ఎక్కడా మాట్లాడలేదు, అటూ ఇటూ నడుస్తూనే ఉంది. ప్రాజెక్టు తెరిచి, నిశ్శబ్దం ఉన్న చోటికి జరిపింది. ఏమీ వినిపించలేదు.

“అమ్మా,” అంది మెల్లగా. “అమ్మా... నువ్వేనా?”

తలుపు కిర్రుమని తెరుచుకుంది.

టార్చి వెలుగు వెనకాల తాత. ఆమె మొహం చూసి లోపలికొచ్చాడు. పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“వినిపించిందా?”

తలూపింది.

“నన్నూ విననీ తల్లీ. పదేళ్ళనుంచి అందరూ చెప్పడమే గానీ నా చెవిన పడలేదు.”

హెడ్‌ఫోన్స్ ఆయనకిచ్చింది. ముందు ప్రాజెక్టులో ఏమీ లేదని చూపడానికి, అదే చోట వినిపించింది. తాత తల ఒక పక్కకి వంచి విన్నాడు, మధ్యలో ఖళ్ళుమని దగ్గాడు. దెయ్యం సంగతి వదిలేసి ఇంకోటడిగాడు.

“ఈ పిల్లేంటమ్మా, ఊపిరి తీసుకోకుండా పాడుతోంది? బతికున్న పిల్లేనా? దీన్ని చూస్తేనే భయమేస్తోంది.”

ఈసారి ఏమొస్తుందో చూడాలనిపించింది అక్కకు. మొత్తం పాట కాకుండా ఆ పది సెకన్ల ముక్క ఒక్కటే రెండర్‌కి పెట్టింది. నిమిషంలో వచ్చింది. హెడ్‌ఫోన్స్ పీకేసి, చప్పుడు స్పీకర్లోకి మార్చింది. ఇద్దరూ విన్నారు.

వాయిద్యాలు ఆగాయి. నిశ్శబ్దం...

ఖళ్ళుమని దగ్గు.

తాత దగ్గే అది. ఆ బొంగురు, ఆ విరుపు, అన్నీ ఆయనవే. ముసలాయన మొహం పాలిపోయింది. గుండె మీద చెయ్యేసుకుని చూసుకున్నాడు.

“నేనింకా బతికే ఉన్నాను కదమ్మా?”

ఆ ప్రశ్నకు అక్క నవ్వలేదు. దగ్గు గురించే ఆలోచిస్తోంది. తాత దగ్గి నాలుగు నిమిషాలైనా కాలేదు. చచ్చినవాళ్ళకి తాత దగ్గుతో పనేంటి?

తెర మీద ఆమెకు కనిపించేవి పైనున్న పది వరసలే. పాట ఒక వరస, వాయిద్యాలు కొన్ని, బొమ్మలు కొన్ని. ఒక్కో వరసను ట్రాకు అంటారు. కిందికి... ఇంకా కిందికి జరిపింది. అడుగున, ఎవరూ చూడని చోట, పేరు లేని ట్రాకు ఒకటుంది. దాని మొదట్లో ఎర్ర చుక్క వెలుగుతోంది.

సాయంత్రం దర్శకుడు తాళం కోసం ఒకటీ రెండూ మూడూ నాలుగూ అని బల్ల మీది మైకులో చెప్పి రికార్డు చేశాడు. పని అయ్యాక ఆ చుక్క ఆర్పలేదు. మైకు మీద కాగితాలు పడేసి పోయాడు. అప్పటినుంచి అక్క ప్రాజెక్టులో పాట వినిపించుకున్న ప్రతిసారీ, ఆ ట్రాకు ఆమెనే రికార్డు చేస్తూ వచ్చింది — పాతది చెరిపేసి దాని మీద కొత్తది. చుక్క వెలుగుతున్నంతసేపు ఆ ట్రాకు తాను పట్టినది వినిపించదు, ఎదుట ఉన్నది పట్టుకుంటుంది. రెండర్ చేస్తే మాత్రం పట్టిందంతా ఫైల్లోకి కక్కేస్తుంది, వాయిద్యాలు ఆగిన చోట అది చెవిన పడుతుంది.

మైకు ఉన్నది ఈ మూడో నంబరు బల్ల మీదే, ఏటా ఎవరో ఒకరు ఆ చుక్క ఆర్పడం మరిచే ఉంటారు. అందుకే ఒకడికి మగగొంతు, ఒకతెకి ఆడగొంతు. ఎవరు కూర్చుంటే వాళ్ళదే. ముక్కు చీదిన చప్పుడు విన్నానన్నాడే, ఆ చీదిందీ వాడే అయ్యుంటాడు. తాతకు ఇదంతా సగమే అర్థమైంది. తన దగ్గు తనదేనని తేలినందుకు స్థిమితపడి, ఆవలిస్తూ గేటు దగ్గరికి వెళ్ళిపోయాడు.

అక్క చుక్క ఆర్పేసింది. ఆ ట్రాకు చెరిపెయ్యాలి. వేలు మీట మీద పెట్టి ఆగింది.

మరి అమ్మ?

మూడో ఫైలు మళ్ళీ తెరిచింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. ఇంక నా వల్ల కాదమ్మా. ఇంకోసారి విన్నది. ఇంకోసారి. ఆ మాట తను ఎప్పుడందో గుర్తే లేదు. మొత్తం పాట విన్నప్పుడు, తెర చూస్తూ, తనకు తెలియకుండానే అనేసి ఉంటుంది. ఎన్ని రాత్రులనుంచి అంటోందో... వంటింట్లో, బస్సులో, కౌంటర్ వెనకాల. ఇంట్లోవాళ్ళు విన్నారేమో కూడా. విని, అలవాటైపోయి ఊరుకున్నారేమో, తను అమ్మ విషయంలో ఊరుకున్నట్టు.

ముప్పై తొమ్మిదేళ్ళకే అమ్మ గొంతు వచ్చేసింది. దెయ్యం కన్నా ఇదే ఎక్కువ భయపెట్టింది ఆమెను.

టైము రెండుంబావు. తాత అన్నది నిజం, ఆ అమ్మాయి పాట శవం పాడినట్టుంది. తీసేసిన ముప్పై నాలుగు ఊపిరులూ ఒక్కొక్కటే వెతికి మళ్ళీ పెట్టాలి. రెండు గంటల పని. ఎప్పటిలాగే నడుం బిగించబోయి, బిగించలేదు. ఫోను తీసింది.

తొమ్మిదోసారి మోగాక దర్శకుడు ఎత్తాడు.

“అక్కా... ఈ టైములోనా?”

“ఈ టైములోనే. లేచి రా. ఆ అమ్మాయిని కూడా లేపుకురా. ఊపిరులు తిరిగి పెట్టాలి. చెరి పదిహేడు, నేను చెప్తాను, మీరు చెయ్యండి.”

అటువైపు మంచం కిర్రుమంది. తరువాత మెల్లగా, కాస్త భయంగా అడిగాడు.

“నీ గొంతేంటక్కా అలా ఉంది?”

“ఎప్పటినుంచో ఇలాగే ఉంది, నాన్నా. నేనే ఇవాళ విన్నాను.”