మొదటిదా, రెండోదా?

అమ్మ రికార్డు విరిగిన రోజు ఇంట్లో ఎవరూ ఎవరినీ ఒక్క మాట అనలేదు.

ఇల్లు మారుతుండగా అట్టపెట్టె అడుగు ఊడిపోయింది. పుస్తకాలతో పాటు ఆ గ్రామఫోన్ రికార్డూ జారి, మెట్ల మీద పడి రెండు ముక్కలైంది. పెళ్ళికి ముందు అమ్మ తన సంగీత పాఠశాల కోసం పాడిన ఒకే ఒక్క పాట అది. అమ్మ పోయాక నాన్న రోజూ సాయంత్రం దాన్ని పెట్టుకుని వినేవాడు. ముక్కలు ఏరి, పాత చొక్కాలో చుట్టి, బీరువాలో పెట్టాడు. ఆ తర్వాత సాయంత్రాలు గోడకేసి చూస్తూ కూర్చునేవాడు.

కూతురు చిన్నికి కళ్ళజోళ్ళ దుకాణంలో ఉద్యోగం. కళ్ళు పరీక్ష చేస్తుంది. కాళ్ళరిగేలా తిరిగి ఆ పాఠశాలలో అసలు టేపు ఉందని కనిపెట్టింది. వాళ్ళు దాన్ని కంప్యూటర్ ఫైలుగా మార్చి ఇచ్చారు. ల్యాప్‌టాప్‌లో వినిపిస్తే నాన్న సగంలోనే లేచిపోయాడు.

"గొంతు మీ అమ్మదే తల్లీ. మనిషే లేదు."

అందుకే చిన్ని ఆడియో షాపు మెట్లెక్కింది.

"రికార్డులాగా వెచ్చగా వినిపించే కన్వర్టర్ కావాలండీ."

కౌంటర్ వెనకున్న యువకుడు తలెత్తాడు. "వెచ్చగా అంటే, హీటర్ల షాపు పక్క వీధిలో ఉందండీ."

"జోకా?"

"అవునండీ. బాగాలేదా?"

"లేదు."

అతను బుద్ధిగా రెండు పెట్టెలు తెచ్చాడు. "ఫైల్లో ఉండేవి ఉత్త అంకెలండీ. వాటిని మళ్ళీ శబ్దంగా మార్చేది ఇది. ఈ మొదటిది ఉన్నదున్నట్టు ముఖాన చెప్పేస్తుంది. రెండోదాంట్లో పాతకాలం రేడియోల్లోలా వాల్వులున్నాయి. అదే మాట కాస్త మెత్తగా చెబుతుంది. కళ్ళు మూసుకుని వినండి."

చిన్ని తెచ్చిన ఫైల్లోంచి ఒక ముక్క రెండింట్లోనూ వినిపించి అడిగాడు. "మొదటిదా, రెండోదా?"

చిన్నికి నవ్వొచ్చింది. "అది నా డైలాగు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అద్దాలు మారుస్తూ నేనే అడుగుతుంటాను అందర్నీ."

"అయితే ఇవాళ జవాబు చెప్పండి."

"రెండోది." అని, ఒక కన్ను తెరిచింది. "ఆగండాగండి. రెండోదానికి సౌండు పెంచారా?"

"లేదే!"

"మా దగ్గర పవర్ కాస్త ఎక్కువైన అద్దం పెడితే అందరూ అదే బాగుందంటారు. అక్షరాలు నల్లగా కనిపిస్తాయిగా. బాగుండటం వేరు, బాగున్నట్టు అనిపించడం వేరు."

అతను మీటరు తెచ్చి కొలిచాడు. రెండోది నిజంగానే రవ్వంత ఎక్కువ మోగుతోంది.

"అమ్మతోడు, కావాలని చెయ్యలేదండీ. చూసుకోలేదు."

"నమ్ముతున్నా. మీ చెవులు అంత ఎర్రబడ్డాక నమ్మక చస్తానా?"

రెండూ సమానం చేసి మళ్ళీ పెట్టాడు. ఈసారి తేల్చుకోవడం కష్టమైంది. మొదటిది, రెండోది, మళ్ళీ మొదటిది. అతను విసుక్కోలేదు. మళ్ళీ రెండోదాంట్లో మొదట్నుంచీ పెట్టినప్పుడు, పాట మొదలవడానికి ముందు, గదిలో ఎవరో ఊపిరి పీల్చుకున్నారు.

చిన్ని వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరు.

అది అమ్మ ఊపిరి. ఇన్నేళ్ళూ రికార్డు గీతల గరగర కింద అణిగిపోయింది. ల్యాప్‌టాప్‌కు అందనే లేదు. పాడటానికి ధైర్యం కూడగట్టుకుంటున్న ఒక చిన్నపిల్ల, చెయ్యి చాపితే తగిలేంత దగ్గర్లో నిలబడి ఉంది.

అతని చెయ్యి మీట మీదే ఆగిపోయింది.

"ఎవరండీ ఆవిడ?"

"మా అమ్మ. ఇప్పుడు లేదు."

అతను పాట ఆపి, రెండో పెట్టె వైర్లు విప్పి పక్కన పెట్టాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "గది మారితే సౌండూ మారుతుంది. మీ ఇంట్లో వినాలి. ఆదివారం నేనే పట్టుకొస్తాను."

"అందరిళ్ళకీ ఇలాగే వెళ్తారా?"

"లేదండీ. ఇదే మొదలు."

ఆదివారం నాన్న తలుపు తీసి అతన్ని ఎగాదిగా చూశాడు. "ఎవరమ్మా ఈ అబ్బాయి?"

"ఆడియో షాపు నుంచి, నాన్నా."

"షాపువాళ్ళు ఇంత ఇస్త్రీ చొక్కాలేసుకుని వస్తున్నారా ఈమధ్య?"

చిన్ని వైర్లు చూస్తున్నట్టు తల దించుకుంది. "ఒక్కసారి విను నాన్నా. నచ్చకపోతే పంపించేద్దాం."

"పెట్టెనా, అబ్బాయినా?"

"రెండింటినీ!"

నాన్న అయిష్టంగానే కూర్చున్నాడు. ముందు ఊపిరి వినిపించింది. కుర్చీ చేతిని తడుతున్న ఆయన వేళ్ళు ఆగిపోయాయి. పల్లవి వచ్చింది, మొదటి చరణం వచ్చింది. ఆయన కదల్లేదు. చూపు గోడ మీద లేదు. రెండు స్పీకర్ల నడుమ, మనిషి నిలబడితే ముఖం ఉండేంత ఎత్తులో ఉంది.

రెండో చరణం అయిపోగానే చెయ్యెత్తాడు.

"ఆపు బాబూ."

చిన్ని కుర్చీ దగ్గరికి వచ్చింది. "నచ్చలేదా నాన్నా?"

"వచ్చిందే తల్లీ, మీ అమ్మ." గొంతు సరిచేసుకున్నాడు. "చివరి చరణం ఇవాళ వద్దు. పాడేస్తే వెళ్ళిపోతుంది."

"మరి ఎప్పుడు?"

నాన్న అతనికేసి చూశాడు. "ఈ అబ్బాయి మళ్ళీ వచ్చినప్పుడు."

"వచ్చే ఆదివారం వస్తానండీ."

"అప్పుడు కూడా వద్దంటే?"

"ఆ పై ఆదివారం వస్తాను. నాకేం తొందర లేదండీ."

గేటు దాకా సాగనంపుతూ చిన్ని అడిగింది. "పెట్టె ఇక్కడే ఉంటుందిగా. నొక్కడం మాకూ వచ్చు. మీరెందుకు రావడం?"

"మిమ్మల్ని చూడ్డానికి."

ఆమె గేటు గడియ తీసింది. వేసింది. మళ్ళీ తీసింది.

"అయితే పెందలాడే రండి. నాన్న అయిదుకల్లా కూర్చుంటారు."

వానలు మొదలయ్యాయి. అతను తడిసినా వస్తున్నాడు. పక్కింటివాళ్ళు అడిగితే నాన్న "మావాడే" అంటున్నాడు. చివరి చరణం ఇంకా వినలేదు.