బ్రేక్ పైపు మీద ఆకురాయి గీత

"పదింటికి సైంటిస్టు తన డొక్కు కార్లో కొండ దిగుతాడు. విదేశీ ముఠా పేర్లన్నీ ఆయన బుర్రలో ఉన్నాయి. ఇంకో కారెక్కమంటే వినడు, మొండిఘటం," అన్నాడు చీఫ్. "ప్రాణాలతో కిందికి రావాలి."

"రాకపోతే?"

"నువ్వూ రానక్కర్లేదు."

అందుకే ఏజెంట్ సెవెన్ మెకానిక్ వేషంలో, ఒళ్లంతా గ్రీజుతో, ఆ కారు కింద వెల్లకిలా పడున్నాడు. గూఢచారి ఉద్యోగమంటే సూటూ బూటూ అనుకునేవాళ్లు ఈ అవతారం చూడాలి!

వెనక బరువు మోసే స్ప్రింగులు, కమాన్‌కట్టల బోల్టులు ఎవరో వదులు చేశారు. బిగించాడు. బ్రేక్ పైపును ఆకురాయితో సగం దాకా అరగదీశారు. కొత్తది వేశాడు. టైము తొమ్మిదిన్నర.

హైహీల్స్ టకటకమన్నాయి. సైంటిస్టు సెక్రటరీ. ఆయన పక్కన డిపార్ట్‌మెంటే పెట్టిన అందగత్తె, కోడ్‌నేమ్ నెమలి.

"వానొచ్చేలా ఉందా?"

"గొడుగు అమ్మేశాను," కోడ్ ప్రకారమే జవాబిచ్చాడు సెవెన్. "పైపు కోశారు. బాగా చనువున్నవాళ్ల పనే."

"అయ్యో పాపం, ఎవరబ్బా?" అంటూ జాకీ వాల్వు తిప్పేసింది నెమలి.

కారు ధబ్బున దిగి, అతని ఛాతీకి నాలుగు వేళ్ల ఎత్తులో ఆగింది. జాకీని నమ్మి ఏ మెకానిక్కూ కారు కింద దూరడు. ఊడదీసిన చక్రాన్ని ఛాసిస్ కిందికి తోసి మరీ దూరతాడు. పాపం, ఆ సంగతి ఆవిడకేం తెలుసు? శవాన్ని చూద్దామని ముచ్చటపడి వంగింది. స్పానర్ ఆమె కుడి చీలమండను విరగ్గొట్టింది.

మూడేళ్లు ఒకే టీమ్. సెవెన్ కారు కింద నుంచి పాక్కుంటూ బయటపడ్డాడు. ఆమెను ఈడ్చుకెళ్లి డ్రైవర్ సీట్లో కుదేసి, చేతులు స్టీరింగ్‌కి బేడీలతో బిగించాడు.

"డాక్టర్ని పిలువు!"

"పిలుస్తా. ముందు కొత్త పైపులో చిక్కిన గాలి తియ్యాలి, లేకపోతే బ్రేకు పట్టదు. దానికి ఇద్దరం కావాలి. నువ్వు పెడల్ తొక్కు, నేను స్క్రూ విప్పుతా."

"కాలు విరిగిందిరా దుర్మార్గుడా! ఎడమకాలితో తొక్కుతా."

"బ్రేకు కుడికాలితోనే తొక్కాలి తల్లీ."

తొక్కు. కేక. పట్టుకో. బుడగలు. వదులు. మళ్లీ తొక్కు. పన్నెండోసారికి బుడగలు ఆగాయి. అరిచే ఓపిక ఆమెకీ లేదు.

ఆమెను గ్యారేజీ వెనక గదిలో పడేసి, చక్రం బిగించేసరికి సరిగ్గా పది. సైంటిస్టు దర్జాగా వచ్చి సీట్లో కూర్చున్నాడు.

"ఏమయ్యా, బ్రేకులు నమ్మొచ్చా?"

"మీ సెక్రటరీ గారే ప్రాణం పెట్టి తొక్కారు సార్," అన్నాడు సెవెన్ చేతులు తుడుచుకుంటూ.