నెమరు వేయని ఆవు

తెల్లవారి సారమ్మ పాల చెంబు పట్టుకుని కొట్టంలోకి పోయేసరికి ఎర్రావు లేచి నిలబడలేదు. దాని దవడ కదలడం లేదు. నెమరు వేయని ఆవును చూస్తే సారమ్మకు చిన్నప్పటి నుంచీ గుండె జారిపోతుంది. ఎడమ డొక్క మీద చెయ్యి వేసింది. డప్పులా బిగిసి ఉంది.

ఇంట్లో ఉన్నది తానూ, కొడుకు ప్రేమదాసూ. అరవైతొమ్మిది ఎండాకాలం. పట్నంలో తెలంగాణ ఊరేగింపు మీద కాల్పులైన మాపటికి కాలేజీ సంచితో కనకమామిడికి వచ్చిన కొడుకు, తెల్లారి మళ్లీ పోతానన్నాడు. ఎందుకని అడగలేదామె. ఊరేగింపుకే అనుకుంది. వాడు నిద్రలో ఉండగా అర్రకు బయట తాళం వేసి, కిటికీలోంచి తిండి అందించింది. మూడు రోజులైంది. మేతకు తోలేవాడు లోపల ఉండేసరికి ఆవూ గుంజకే ఉండిపోయింది.

పక్కింటి హన్మయ్య వచ్చి ఆవును చుట్టి చూశాడు.

"ఏం పెట్టినవ్ సారమ్మా?"

"పిల్లగాడు ముద్ద ముట్టుతలేడన్నా. వానికి వండిన జొన్న గట్క పారెయ్యబుద్ధి గాక దీనికే పెట్టిన."

"మూడు దినాలదా! గడ్డి తినే కడుపమ్మా అది. సుట్టం లెక్క కూసుండబెట్టి గట్క పెడితివా?" హన్మయ్య నెత్తి కొట్టుకున్నాడు. "చేవెళ్ల డాక్టరు కోసం పోదామంటే బందు, బస్సుల్లేవు. నూనె పట్టాలె. నా చేతులు వణుకుతయ్. మీవోడైతేనే దాని తల పట్టగలడు. తియ్యి తాళం."

సారమ్మ తలుపు దగ్గరికి పోయింది.

"ప్రేమదాసూ, ఆవు ఉబ్బింది రా."

"తియ్యవ్వా, జల్ది!"

"ప్రార్థన జేసే నోటితోని జెప్పు, పట్నం పోనని."



"పోత. ఆవు కోసమైనా అబద్ధమాడ."

"నీకేమన్నయితే నేనెట్ల బతకాలె రా?"

కొట్టంలో ఆవు గొంతు పట్టేసినట్టు మూలిగింది. సారమ్మ కొంగు ముడిలోంచి తాళంచెవి తీసింది. తాళం తిప్పింది.

ప్రేమదాసు ఆమె మొహం చూడకుండానే ఉరికాడు. అతనూ, హన్మయ్యా కలిసి ఆవును లేపి, ముందుకాళ్లు గట్టు మీదికి ఎక్కించారు. ప్రేమదాసు వెదురు గొట్టంతో నువ్వుల నూనె కొంచెం కొంచెంగా పట్టి, నోట్లో అడ్డంగా వేపపుల్ల కట్టి నడిపించాడు. సారమ్మ డొక్క రుద్దుతూనే ఉంది. పొద్దు నెత్తిమీదికి వచ్చేసరికి ఆవు గట్టిగా తేన్పింది. పులిసిన వాసన గుప్పుమంది.

"బతికింది!" హన్మయ్య నవ్వాడు. "ఇగ గట్క మనిషికి పెట్టు, గడ్డి గొడ్డుకు పెట్టు."

అతను పోయాక తల్లీకొడుకులు మిగిలారు. సారమ్మ కళ్లు తుడుచుకుంది.

"నాకు భయమైంది బిడ్డా. ఆ ముక్క జెప్పరాక తాళమేసిన."

"నాకూ భయమే అవ్వా. కాల్పుల్ల నా పక్కపొంటి ఉన్న దోస్తు నర్సింహులు పడిపోయిండు. నేను లేపకుండ ఉరికొచ్చిన." కొడుకు ఆవు మెడ మీద చెయ్యి వేశాడు. "దవాఖానల ఉన్నడట. వాన్ని చూస్తనే నాకు ముద్ద దిగుతది."

మూడు రోజుల్లో ఎందుకు పోతావురా అని ఒక్కసారీ అడగని తన నోటిని సారమ్మ కొంగుతో మూసుకుని ఏడ్చింది. చాలాసేపటికి లేచింది.

"బస్సులు నడిచిన దినం ఇద్దరం పోదాం. ఆవును హన్మయ్యన్నకు అప్పజెప్త."

"మళ్ల భయమైతే అవ్వా?"

"అయితది. భయపడుకుంటనే పోదాం."