చెల్లెలి పేరుతో రాసిన ఉత్తరం

మాచర్లలో మే నెలలో పొద్దున ఏడయిందంటే సగం రోజు గడిచినట్టే లెక్క. వెంకటకృష్ణయ్యగారి మోటార్ల కొట్టు షట్టరు ఇంకా తియ్యనే లేదు, రెంటచింతల నుంచి మొదటి బస్సుకు వచ్చిన రైతు ఇన్నయ్య కాలిపోయిన మోటారును పక్కన పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. కొట్టు వెనకే ఇల్లు. వంటింట్లో ఆయన భార్య కన్యకాపరమేశ్వరి పెసరట్లు పోస్తూ, పిలిచినా పలకని పిల్లల్ని పేరుపేరునా తిడుతోంది.

కొడుకు శశికాంత్‌కు ఇవాళ ఆకలి లేదు, కొట్టు మీద ధ్యాస అంతకన్నా లేదు. చెల్లెలు దీపశ్రీకి ఆస్ట్రేలియాలో సీటొచ్చింది. మెల్‌బోర్న్‌లో, వ్యవసాయ యంత్రాల మీద ఎమ్మెస్. చేరతామని సాయంత్రం అయిదులోగా ఒప్పుకోలు పంపాలి. ఏడు నెలలుగా గుంటూరులో కన్సల్టెన్సీ చుట్టూ తిరిగిందీ, ఫారాలు నింపిందీ, ఏ దేశంలో చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోడానికి ఎన్నాళ్ళు ఉండనిస్తారో పుస్తకంలో రాసుకుందీ అంతా అతనే. బాపట్లలో అగ్రికల్చర్ బీఎస్సీ ఆఖరి పరీక్షలు రాసి నాలుగు రోజుల కిందటే ఇంటికొచ్చిన దీపశ్రీ చేసిందల్లా, అన్న చూపించిన చోట సంతకాలు పెట్టడం. అన్న చూపిస్తే ఆ పిల్ల తెల్లకాగితం మీదయినా పెడుతుంది.

"దీపూ, ఫైలు చూసుకున్నావా? టిఫినవగానే పంపించేద్దాం," అన్నాడు.

దీపశ్రీ ఫైలు పట్టుకుని గదిలోంచి వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"అన్నయ్యా, నేను ఆస్ట్రేలియా పోను."

వంటింట్లో అట్లకాడ చప్పుడు ఆగింది. పక్షవాతం వచ్చాక ఎడమచేత్తోనే తినడం అలవాటు చేసుకున్న వెంకటకృష్ణయ్య ప్లేటు మీంచి తలెత్తాడు.

"పోవా? మరి ఏడకి పోతావు?"

"తైవాన్. అక్కడ మిరప తెగుళ్ళ మీద పనిచేసే మేడం ఒకామె ఉంది. నేనే రాశాను. స్కాలర్‌షిప్పుతో సీటిచ్చారు. మొన్న లెటరొచ్చింది."

"తైవానా? అదేడుందే?" అంది తల్లి.

"మన కొట్టుకి బేరింగులొస్తయ్యే, ఆ దేశం," అన్నాడు శశికాంత్. "అక్కడ మనోళ్ళు ఒక్కరన్నా ఉన్నారా? భాష రాదు. రేపు ఉద్యోగం సంగతేంది? మెల్‌బోర్న్‌లో అన్నీ చూశాను నేను. ఏ వీధిలో రూములు దొరుకుతయ్యో, యూనివర్సిటీకి ఏ ట్రామెక్కాలో కూడా నాకు తెలుసు."

"నీకు తెలుసు అన్నయ్యా. నాకు తెలియదు. తెలుసుకోవాలని నాకెప్పుడూ అనిపించలేదు." దీపశ్రీ ఫైలు తెరిచింది. "నేనెందుకు చదవాలనుకుంటున్నానో ఉత్తరం రాసి పంపావు కదా నా పేరుతో. రాత్రి మొదటిసారి చదివాను. అమ్మా, విను."

"ఇప్పుడెందుకది?" అని శశికాంత్ లేచాడు.

"కూర్చోరా. చదవనీ," అన్నాడు తండ్రి.

ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగు చేస్తూ చదవసాగింది దీపశ్రీ. "'నాకు తొమ్మిదేళ్ళప్పుడు, నాన్న ఊళ్ళో లేని రోజు, కొట్లో మోటారు విప్పి మళ్ళీ బిగించాను. మోటారు తిరిగింది కానీ ఒక నట్టు మిగిలిపోయింది. ఆ నట్టు ఎక్కడిదో తెలుసుకోవాలనే యంత్రాల చదువు వైపు వచ్చాను. మా ప్రాంతంలో నీళ్ళు వందల అడుగుల లోతుకు పోయాయి. సగం కరెంటుతో అంత లోతు నుంచి నీళ్ళు తోడే పంపు తయారుచేయాలని నా కోరిక. దాని గురించి ఆలోచించని రోజు లేదు.'"

"నువ్వు మోటారు విప్పడమేందే? నీకు స్క్రూడ్రైవరు ఎటు పట్టుకోవాలో కూడా తెలియదు," అంది కన్యకాపరమేశ్వరి. అనేశాక ఆ మాట తన చెవికే వినపడి, కొడుకు వైపు చూసింది.

"నేను కాదమ్మా. ఆ రోజు దెబ్బలు తిన్నదెవరో నీకు గుర్తులేదా? ఇందులో ఉన్న మనిషి అన్నయ్య. పేరొక్కటే నాది." దీపశ్రీ ఫైలు మూసింది. "అన్నయ్యా, నీకు రావలసినది నాకిస్తున్నావు. చానా పెద్ద మనసు నీది. కానీ అక్కడికి పోయి నేను నీ చదువు చదవాలి. ఇన్నయ్య బాబాయి చేలో మూడెకరాల మిరప ఆకుముడతకి పోయిననాడు నాకు ఏడుపొచ్చింది. నాది మొక్కల చదువు."

శశికాంత్‌కు కోపం వచ్చింది. "ఏడు నెలలు తిరిగాను నీకోసం. ఈ మాట నాతో ఒక్కరోజు ముందు చెప్పలేకపోయావా?"

"చెబితే నువ్వు బాధపడతావని చెప్పలేదు. అది నా తప్పే."

అతను విసురుగా కొట్టులోకి నడిచాడు. షట్టరెత్తి, ఇన్నయ్య మోటారు లోపలికి తెచ్చుకుని, బోల్టులు విప్పడం మొదలుపెట్టాడు. అన్నాచెల్లెళ్ళ గొడవ విన్నాడో లేదో, ఇన్నయ్య టీ తాగొస్తానని లేచి వెళ్ళాడు.

ఆరేళ్ళ కిందట శశికాంత్‌కు అదే మెల్‌బోర్న్‌లో సీటొచ్చింది. టిక్కెట్టు తీసుకునే వారంలోనే తండ్రికి పక్షవాతం వచ్చింది. "అక్కడ చలంట, నాకు పడదు. నాకు కొట్టే బాగుంది," అని శశికాంత్ ప్రయాణం మానుకున్నాడు. ఆ అబద్ధాన్ని ఎంత తేలిగ్గా చెప్పాడంటే, రెండేళ్ళకల్లా తనే నమ్మాడు. నమ్మానని అనుకున్నాడు. మరి ఆ ఉత్తరం రాసిన నాడు, కలం ఆగకుండా మూడు పేజీలు ఎలా నడిచింది? చెల్లెలి గురించి రాస్తున్నాననే అనుకున్నాడు. అందులో చెల్లెలు ఒక్క వాక్యంలో కూడా లేదని ఇప్పుడు తెలిసి సిగ్గేసింది.

కర్ర చప్పుడయింది. వెంకటకృష్ణయ్య మెల్లిగా వచ్చి కొడుకు ఎదుట స్టూలు మీద కూర్చున్నాడు. బేరం తప్ప వేరే మాట ఎరగని మనిషి.

"చలి పడదన్నావు," అన్నాడు.

"పాత సంగతి నాన్నా, ఇప్పుడెందుకు?"

"నేను ఇంకోసారి అడగలేదు. అడిగితే నిజం చెబుతావేమోనని భయపడ్డాను రా. కాలూ చెయ్యీ పడిపోయి ఉన్నాను, ఇంట్లో ఆడపిల్ల. నువ్వు పోతానంటే నేనేం కావాలని అడగకుండా ఊరుకున్నా." ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఈ ఆరేళ్ళు నేను తిన్న అన్నం నీదిరా శశీ. ఊళ్ళో అందరితో మావాడికి కొట్టంటే ప్రాణమని చెప్పుకు తిరిగాను. నీతో మాత్రం ఒక్క మంచి మాట అనలేదు."

తండ్రి అలా మాట్లాడగా వినడం శశికాంత్‌కు ఇదే మొదలు. చేతిలో పానా పక్కన పెట్టి, చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. ఏడుపయ్యాక ఆశ్చర్యంగా మనసు తేలికపడింది. పోయింది పోయిందే, కానీ పోయిందని ఇంట్లో వాళ్ళకు తెలిసింది. తనకు కావలసింది అదేనని అతనికే ఇన్నాళ్ళూ తెలియదు.

"ఇప్పుడన్నా పోతావా? కొట్టు నేనూ మీ అమ్మా చూసుకుంటాం."

శశికాంత్ నిజంగానే ఆలోచించాడు. "తెలియదు నాన్నా. ఆలోచిస్తా. ముందు దీపు సంగతి చూద్దాం."

ఫోన్ తీసి గుంటూరు కన్సల్టెన్సీకి చేశాడు. తన చెల్లెలు చేరడం లేదని, ఆ ఉత్తరం తనే రాశానని, తప్పు తనదేనని చెప్పాడు. తరువాత ఇంట్లోకి కేకేశాడు. "దీపూ, ఆ తైవాన్ కాయితాలు పట్రా. అక్కడ చదివితే రేపు విత్తనాల కంపెనీల్లో పని దొరుకుతుందో లేదో నేను చూడకుండా ఎట్టా పంపుతాను? ఈసారి ఒప్పుకోలు రాసేది మాత్రం నువ్వే."

దీపశ్రీ పరుగున వచ్చింది, వెనకే తల్లి. అన్నాచెల్లెళ్ళిద్దరూ కొట్లోనే కూర్చుని కాయితాలన్నీ చూశారు. మధ్యాహ్నానికి దీపశ్రీ తైవాన్‌కు ఒప్పుకోలు పంపింది. పంపగానే లేచి, అలవాటుగా తండ్రి పాదాలకు దణ్ణం పెట్టడానికి వంగింది.

వెంకటకృష్ణయ్య కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు.

"ముందు మీ అన్నకు పెట్టమ్మా," అన్నాడు.

శశికాంత్ వద్దంటున్నా ఆ పిల్ల వినలేదు. అతని చేతులు గ్రీజుతో నల్లగా ఉన్నాయి. గ్రీజు చెల్లెలి జుట్టుకు అంటకుండా ఆమె తల మీద మణికట్టు ఆనించి దీవించాడు.