ఆకాశం రాయికి కొబ్బరి నూనె

"ఇదేటి, బొగ్గు ముక్కలాగుంది!" అనేసి వినయ్ సింగాడాల, అంటే సమోసాల పళ్లెం వైపు పరుగెత్తాడు. మిగతా పిల్లలూ అతని వెనకే పోయారు.

ఖిదిర్‌పూర్ తెలుగు చర్చిలో ఆదివారం ఆరాధన అప్పుడే ముగిసింది. పిల్లలంతా దీదీ అని పిలిచే సుజన ఒక ప్రయోగశాలలో పనిచేస్తుంది. ఆకాశం నుంచి పడిన రాయి ముక్కను గాజు డబ్బాలో పెట్టి తెచ్చింది. "చూడండి, ముట్టుకోకండి" అని చెప్పి, స్కూటీలో మరిచిపోయిన భూతద్దం తేవడానికి వెళ్లింది.

రాయి దగ్గర హెప్సీ ఒక్కతే మిగిలింది. పాపం, అంత దూరం నుంచి వచ్చిన రాయికి ఇంత అవమానమా? కాస్త మెరిస్తే అందరూ రారూ! హెప్సీ తలలో నూనెకు కొదవ లేదు. పొద్దున్నే మామ్మ పట్టించిన కొబ్బరి నూనె చెవుల దాకా కారుతోంది. జడ తడిమి, మూత తీసి, అవే వేళ్లతో రాయిని రుద్దింది. రాయి నిగనిగలాడింది. గబుక్కున మూత పెట్టేసింది.

సుజన తిరిగొచ్చి అందర్నీ పిలిచింది.

"ఇందులో కర్బన పదార్థాలున్నాయి. కొన్నయితే భూమికన్నా ముందే పుట్టాయి. మా దగ్గరున్నది ఈ ముక్క ఒక్కటే. రేపు పరీక్ష చేసి, లోపల ఏమేం ఉన్నాయో చూస్తాం."

"అబ్బ, బలే మెరుస్తోంది!" అన్నాడు వినయ్.

హెప్సీ నూనె వేళ్లు వెనక్కి దాచుకుంది. రేపు కొబ్బరి నూనె దొరికితే? అదీ ఆకాశానిదే అనుకుంటే? చెబితే తిట్లు తప్పవు. చెప్పకపోతే దీదీ పరీక్ష పాడవుతుంది.

అందరూ వెళ్లేదాకా ఆగింది.

"దీదీ, ఆ మెరుపు రాయిది కాదు. నా జడ నూనె. నేనే రాసీసినాను." కళ్లనిండా నీళ్లు.

సుజన ముఖం వాడిపోయింది. డబ్బా ఎత్తి రాయిని దగ్గరగా చూసింది. తరువాత హెప్సీని పక్కన కూర్చోబెట్టుకుంది.

"చెప్పావు కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆకాశంలో కొబ్బరి తోటలున్నాయనుకునేదాన్ని!"

హెప్సీకి ఏడుపులోనే నవ్వొచ్చింది.

"పైపొర వదిలేసి లోపలి నుంచి పరీక్షకు కొంచెం తీస్తాం. అయినా నూనె ఇంకిందేమో చూడాలి. మీ ఇంటి నూనె కొంచెం ఇస్తావా? దాన్నీ పక్కన పెట్టి పరీక్షిస్తే ఏది నూనెదో, ఏది రాయిదో తెలుస్తుంది." శుభ్రమైన చిన్న సీసా ఒకటి చేతికిచ్చింది.

సాయంత్రం ఏక్‌బాల్‌పూర్‌లోని ఇంట్లో సంగతంతా విని మామ్మ సంబరపడిపోయింది.

"నా నూనికి పరీచ్చేటే! పెద్దోల్ల కాడికెల్తాది గదా. ఆగు, ఒక సుక్క సెంటు కలుపుతాను. గమగమలాడిపోద్ది."

హెప్సీ సీసాకి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఒద్దు మామ్మా! ఉన్నది ఉన్నట్టే ఎల్లాలి."

వెళ్లి సబ్బుతో చేతులు శుభ్రంగా కడుక్కుంది. తడి ఆరేదాకా ఓపిగ్గా నిలబడింది. అప్పుడు సీసా మూత తీసింది.