నీలం లాంతరు విందు

"చంపరు. ఎత్తుకుపోతారు," అన్నాడు చీఫ్, టీలో చక్కెర కలుపుకుంటూ. "ప్రాణాలతో ఉన్న ప్రొఫెసరే వాళ్ళకి కావాలి. కాబట్టి కంగారేం లేదు."

డ్రై క్లీనింగ్ షాపు పైన, ఎప్పుడూ ఇస్త్రీ ఆవిరి వాసన వేసే గది అది. ఎదుటి కుర్చీలో ఉన్నవాణ్ణి డిపార్ట్‌మెంటులో అందరూ కొంగ అంటారు. పొడుగ్గా ఉంటాడని కొంత, చేప కదిలేదాకా తను కదలడని కొంత.

ప్రొఫెసర్ సైన్యం రహస్య సందేశాల కోసం కొత్త సైఫర్ మెషీన్ తయారుచేసిన మనిషి. దాని గుట్టంతా ఆయన బుర్రలోనే ఉంది. ఆయన వచ్చిన సెమినార్ ఆఖరి సాయంత్రం డెలిగేట్లకు ఇచ్చే విందులో ఆయన మీద చెయ్యి వేయాలని ఒక విదేశీ ముఠా కాచుకుని ఉంది. ఈ కబురు అందించింది ఆ ముఠాలోనే పనిచేస్తున్న సిల్క్ అనే ఆవిడ. పైకి సెమినార్ దుబాసీ. ఆమె నడిచి వస్తుంటే మైకు ముందున్నవాడు మాట మరిచిపోతాడు.

"ఇంతకీ ఆవిడ ఎవరి మనిషి సార్?"

"సోమ, బుధ, శుక్రవారాలు మన మనిషి."

"విందు గురువారం కదా సార్?"

"అందుకే నిన్ను పంపుతున్నాను." చీఫ్ కప్పు కింద పెట్టాడు. "ముఠా నాయకుడు, ఆ డాక్టర్ అనేవాడు, స్వయంగా వస్తాడట. వాడు రెడ్‌హ్యాండెడ్‌గా దొరకాలి. అంటే వాడికి నచ్చే చీకటి చోటు మనమే చూపించాలి. విందు ఏర్పాట్లు మన చేతిలో ఉండాలి. మీ చెల్లెలు చేసేది అదే పని కదూ?"

"ఆమె దృష్టిలో నేను ఇన్సూరెన్స్ ఆఫీసులో ఇన్‌స్పెక్టర్ని సార్."

"మంచిది. అలాగే ఉండనీ."

విందు ఖర్చు మా ఆఫీసుదే అని చెప్పి కొంగ ఇప్పించిన ఆ ఆర్డర్ కోసం చెల్లెలు ప్రాణం పెట్టింది. ఇన్నాళ్ళూ పుట్టినరోజులూ చిన్నాచితకా ఆఫీసు పార్టీలూ తప్ప ఎరగదు. నలభై మందికి సరిపడే హాలు ఆ చుట్టుపక్కల లేదు. అయితే విందునే నడిపించేద్దాం అంది. ఒక రెస్టారెంట్‌లో స్టార్టర్లు, పక్క వీధిలో సూపు, మలుపు తిరిగాక అసలు భోజనం, చివర ఐస్‌క్రీమ్ పార్లర్. ఏ వంటగదీ నలభై మందికి ఒకేసారి వడ్డించలేదు కాబట్టి రెండు జట్లు. ఒక జట్టు ముందు ఎర్ర లాంతరు, రెండో జట్టు ముందు నీలం లాంతరు. అతిథులు ఎవరినీ దారి అడగనక్కర్లేదు, తమ లాంతరు వెనక నడిస్తే చాలు. ఆ దారులన్నీ వానలో తడుస్తూ తనే నడిచి చూసింది. మెట్లున్నచోట చేయి అందివ్వడానికి మనుషుల్ని పెట్టింది. సూపు చోట కుర్చీలు ఎత్తు తక్కువని, మోకాళ్ళ నొప్పులవాళ్ళ కోసం దిళ్ళు కుట్టించింది.

"ఐస్‌క్రీమ్‌కి వెళ్ళేటప్పుడు నీలం జట్టుని ప్రింటింగ్ ప్రెస్సుల సందులోంచి పంపు," అన్నాడు కొంగ, ఆమె గీసిన మ్యాపు చూస్తూ. "ప్రొఫెసర్‌ని నీలం జట్టులో వెయ్యి."

"ఆ సందా? సాయంత్రమైతే ఒక్క షట్టరు తెరిచి ఉండదు. లైట్లు లేవు. పెద్దవాళ్ళున్నారు అన్నయ్యా."

"మా ఆఫీసువాళ్ళకి ప్రశాంతంగా ఉండాలిట."

ఆమె పెన్సిల్ కొరుక్కుంటూ అతని వంక చూసింది. తర్వాత మ్యాపు మీద గీత మార్చేసింది. "నువ్వు చెప్పావంటే ఏదో ఉంటుందిలే."

ఎన్ని దేశాలవాళ్ళకు ఎన్ని అబద్ధాలు చెప్పాడో అతనికే లెక్క లేదు. వాటిలో ఒక్కటీ నిద్ర చెడగొట్టలేదు. ఆ రాత్రి మాత్రం మంచం మీద అటూ ఇటూ దొర్లాడు.

గురువారం సాయంత్రం కొంగ తెల్లకోటు, గుబురు మీసం, చేతి మీద మడతపెట్టిన తుండుతో సర్వర్ అయ్యాడు. గుండీలో ట్రాన్స్‌మిటర్, చెవిలో చీఫ్. సూపు ఆవిరికి మీసం ఒక కొస ఊడింది. అది అదుముకుంటుంటే ఎవరో మోచెయ్యి పట్టి స్తంభం చాటుకు లాగారు. చెల్లెలు.

"సిగ్గులేదూ నీకు?" అంది గుసగుసగా. కళ్ళు మాత్రం మెరుస్తున్నాయి. "నేనెక్కడ తడబడతానో అని వేషం వేసుకుని మరీ కాపలా వచ్చావా? నాన్న కూడా ఇంతే. నేను పరీక్ష రాస్తుంటే గేటు దగ్గర నిలబడేవాడు."

అంతకంటే మంచి కవర్ స్టోరీ డిపార్ట్‌మెంటు కూడా అల్లలేదు. "అవును," అన్నాడు కొంగ.

"మీసం బాలేదు. వెళ్ళు, అటు టేబుల్‌కి బ్రెడ్డు అందలేదు."

అసలు భోజనం దగ్గర సిల్క్ ప్లేటు పక్కకు జరిపింది. "ఈ సాసులో మిరియాలు ఎక్కువయ్యాయి."

ప్లాన్ మారిందని దాని అర్థం. కొంగ వంగి ప్లేటు తీశాడు.

"సాక్షులు వద్దన్నాడు డాక్టర్," అంది ఆమె పెదవులు కదపకుండా. "ప్రొఫెసర్ పక్కన ఎవరున్నా సరే, మిగలరు."

వంటగది తలుపు దగ్గర కొంగ గుండీలోకి మాట్లాడాడు. "సార్, ఆపేద్దాం."

"సందులో మనవాళ్ళున్నారు. నువ్వు కదలకు," అంది చెవిలో గొంతు.

అప్పుడే చెల్లెలు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "నీలం లాంతరు ఆ దుబాసీ అమ్మాయి పట్టుకుంటానంది. ప్రొఫెసర్ గారి చెయ్యి నేనే పట్టుకుంటాను. నీ మాట కాదనలేక ఆ చీకట్లో పంపుతున్నాను, ఆయన పడితే నేను తట్టుకోలేను."

కొంగ కదిలాడు.

"అందరినీ ఎర్ర లాంతరు వెనక తీసుకెళ్ళు. మెయిన్ రోడ్డు మీద. ప్రొఫెసర్‌ని కూడా."

"ఒకేసారి నలభై మందా? పార్లర్‌లో చోటెక్కడిది?"

"నిలబడి తింటారు."

"సందులోంచి పంపమన్నదీ నువ్వే, వద్దన్నదీ నువ్వే. వదిన నీతో ఎలా వేగుతోందో."

"అమ్మలూ. ఎందుకని అడక్కు."

చిన్నప్పటి పేరది. ఆమె అతని మొహం చూసింది. ఎర్ర లాంతరు ఎత్తి పట్టుకుని వెళ్ళిపోయింది.

కోటు బరువుగా ఉంది, నేను తెస్తానని చెప్పి ప్రొఫెసర్ దగ్గర తీసుకున్న ఓవర్‌కోటును కొంగ చేతికి చుట్టుకున్న తుండు మీదే తొడుక్కున్నాడు. ఆయన టోపీ పెట్టుకుని కిందికి లాక్కున్నాడు. డెలిగేట్ల వేషంలో ఉన్న డిపార్ట్‌మెంటు మనుషులు ముగ్గురు వెనక నడిచారు. ముందు సిల్క్, ఆమె చేతిలో నీలం లాంతరు. గురువారం కాబట్టి కొంగ ఆమె నుంచి ఏమీ ఆశించలేదు.

సందు మధ్యలో లైట్లార్పిన పూల వ్యాను. తలుపు జరిగింది. లోపల రెండు తుపాకులు మెరిశాయి. సన్నటి మనిషొకడు దిగాడు. చేతిలో సిరంజి.

"ఈయనేనా?"

సిల్క్ లాంతరు ఎత్తింది. టోపీ కింద మొహం, సగం ఊడిన మీసం ఆమెకు స్పష్టంగా కనిపించాయి. ఒక్క మాట చాలు.

"ఈయనే," అని ఆమె దీపం ఊదేసింది.

చీకట్లో సూది కోటులో దిగింది. లోపల చేతి మీదున్న తుండు మడతల్లో ఇరుక్కుపోయింది. కొంగ ఆ మణికట్టు పట్టి మెలిపెట్టాడు. వెనకున్న ముగ్గురూ వ్యాను మీద పడ్డారు. రెండు గుళ్ళు గోడ పెచ్చులు రాల్చాయి. ప్రెస్సుల షట్టర్లు ఒక్కసారిగా లేచి సందంతా టార్చి వెలుగు నిండేసరికి డాక్టర్ నేల మీద బోర్లా ఉన్నాడు.

"ఇవాళ గురువారం," అన్నాడు కొంగ, రొప్పుతూ.

సిల్క్ తన కాళ్ళ వంక చూపించింది. పట్టుబట్టల కింద అరిగిన మామూలు చెప్పులు. "సూపు దగ్గర నా హీలు విరిగింది. విందు ఏర్పాట్లు చూసే ఆ అమ్మాయి తనవి విప్పి ఇచ్చేసింది. నా పేరు కూడా అడగలేదు."

ఐస్‌క్రీమ్ పార్లర్‌లో నిజంగానే కాలు పెట్టే సందు లేదు. డెలిగేట్లు ఒకరి భుజాలు ఒకరు ఒరుసుకుంటూ, సెమినార్ అంతా పలకరించుకోనివాళ్ళు కూడా నవ్వుకుంటూ తింటున్నారు. ప్రొఫెసర్ రెండో కప్పు అడిగి పుచ్చుకుంటున్నాడు. కొంగ తెల్లకోటుతో గుమ్మంలోనే ఆగిపోయాడు. చెల్లెలు కౌంటర్ వెనక స్టూలు మీద, ఉత్తకాళ్ళు పైకి ముడుచుకుని కూర్చుంది. పార్లర్ యజమానురాలికి అతన్ని వేలుతో చూపిస్తోంది.

"అడుగో మా అన్నయ్య. నాకోసం సర్వర్ వేషం వేశాడు, పాపం. చూడగానే పట్టేశాను. అబద్ధం ఆయన ఒంటికి పడదండీ."

చెవిలో చీఫ్ గొంతు గరగరలాడింది. "నా ఆర్డర్ నీకు వినపడలేదని రాస్తాను. ప్రాణనష్టం?"

"ఏమీ లేదు సార్."

"ఇంకేదైనా నష్టం?"

చెల్లెలు అతని కోసం దాచిన కప్పు ఎత్తి, రమ్మని చెయ్యి ఊపుతోంది.

"రిపోర్టులో పట్టేది కాదు సార్," అన్నాడు కొంగ.