తొమ్మిదో అంతస్తులో చల్లగాలి

“మళ్ళీ మమ్మల్ని గడ్డకట్టిస్తున్నారు!” అంది డెలియా, మెడకు మఫ్లర్ బిగించుకుంటూ.

నిచ్చెన మీదున్న కాజిమిర్ కిందికి చూశాడు. “నేను రాకముందు ఎలా ఉంది?”

“హాయిగా ఉంది. మీరొచ్చారు, చలొచ్చింది.”

“అంటే నేనే చలికాలమంటారు!”

“మిల్వాకీలో చలికాలమే నయం. కనీసం ఏప్రిల్‌కైనా పోతుంది.”

అతను పకపకా నవ్వాడు. పైనుంచి ఇంకాస్త చల్లగాలి విసిరికొట్టింది.

ఆ భవనంలో ఏసీ, హీటరు, దీపాలు అన్నిటినీ ఒకే కంప్యూటర్ నడుపుతుంది. అక్కడ పనిచేసేవాళ్ళ ఫోన్లనూ చేతి వాచీలనూ దానికి కలిపింది కాజిమిరే. ఎవరికి ఉక్కపోస్తోందో, ఎవరికి చలేస్తోందో వాచీలు చెబుతాయి, భవనం సర్దుకుంటుంది. డెలియా మ్యాపులు గీసే తొమ్మిదో అంతస్తులోనే పేచీ. శుక్రవారంలోగా బాగుచేయకపోతే మొత్తం పీకేయమన్నాడు యజమాని. అప్పుడిక కాజిమిర్ ఎక్కడో దూరాన డులూత్‌లో వేరే పనికి వెళ్ళిపోవాలి.

శుక్రవారం మధ్యాహ్నం కూడా అదే చలి. అతను దిగాలుగా సామాను సర్దుకుంటుంటే, పక్క సీటు బెర్నడెట్ డెలియా చెవిలో గుసగుసలాడింది.

“ఏమే పిల్లా, ఆ వాచీ తీసి సొరుగులో పెట్టు.”

“ఎందుకు?”

“పెట్టి చూడవే!”

పెట్టింది. అతనింకా అక్కడుండగానే గాలి ఆగిపోయింది.

“అతనొస్తే నీ గుండె పరుగెడుతోంది. వాచీ ఆ సంగతి చెబితే, నీకు ఉక్కపోస్తోందనుకుంటోంది పిచ్చి భవనం!”

డెలియా మొహం కందగడ్డయింది. నోరు మూసుకుంటే పరువు దక్కుతుంది. అతను దక్కడు. లిఫ్టు దాకా అతని వెనకే పరుగెత్తింది.

“కాజ్! మీ సిస్టమ్ తప్పేం లేదు. తప్పు నాది. మీరొస్తే నాకు... అదీ... నా వాచీకి తెలిసిపోతోంది.”

లిఫ్టు తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. అతను ఎక్కలేదు.

“ఈ తనిఖీలన్నీ నా ఆఫీసులో కూర్చునే చేయొచ్చు” అన్నాడు మెల్లగా. “రోజూ ఇంత దూరం ఎందుకొచ్చానో మీకు నిజంగా తెలీదా?”

గుండె వేగాన్ని లెక్కలోంచి తీసేస్తే సరిపోతుందని యజమానికి చెప్పాడు. ఎవరి గుండె అన్నది మాత్రం చెప్పలేదు. సిస్టమ్ నిలిచింది, అతనూ నిలిచాడు.

ఆ సాయంత్రం డెలియాని చేపల వేపుడు తినడానికి తీసుకెళ్ళాడు. అక్కడ కాజిమిర్ వాళ్ళ నానమ్మ అప్పటికే బల్ల ముందు కూర్చుని ఉంది. డెలియాని ఎగాదిగా చూసి, పెద్ద ముక్క ఆమె పళ్ళెంలో వేసింది.

“తినమ్మా. నెల్లాళ్ళుగా వీడి నోట నీ కబుర్లు విని నా చెవులు చిల్లులు పడ్డాయి. ఇకమీదట అవన్నీ వీణ్ణి నీకే చెప్పుకోమను!”